కోటవురట్ల బెల్లంలో ఉప్పు లేదు

కోటవురట్ల రైతు ఒకాయన తెచ్చిన బెల్లం ఉప్పగా ఉందని అనకాపల్లి మార్కెట్‌లో పదిమంది ముందు చెప్పాను. ఆ మాట తప్పు. నోటితో అన్నదాన్ని నోటితోనే వెనక్కి తీసుకోవాలని చూశాను, కుదరలేదు. ఒక మాట ఊరంతా తిరిగాక దాని వెనకాల పరిగెత్తే మాటని ఎవరూ వినరు. అందుకే రాస్తున్నాను. పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోబోయేవాళ్ళు చదివితే వాళ్ళకీ పనికొస్తుంది.

నేను బెల్లం రుచి చూసే మనిషిని. రైతులు తెచ్చిన దిమ్మలు మా కొట్లో దిగగానే అంచు గిల్లి నాలుక మీద వేసుకుని, ఇది మంచి తీపి, ఇది మాడింది, ఇది ఉప్పునేల చెరుకు అని చెప్పాలి. రంగుని మందు వేసి తెప్పించొచ్చు. ఉప్పుని దాచలేరు. ఇరవై ఏళ్ళకు పైగా మా కొట్లో సరుకు మంచిదో చెడ్డదో తేల్చింది నా నాలుకే.

ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. కిందటేడు నా కింది దవడలో కుడివైపు పన్నుకి రూట్ కెనాల్ చేయాలన్నారు. ఆ సాయంత్రమే వెళ్ళి, నర్సుల చదువు కోసం రాసిన పాత తెలుగు పుస్తకం తీసి మత్తుసూది అధ్యాయం రెండుసార్లు చదివాను. ఎంత బాగుందో! నరం పొడవునా కంటికి కనిపించని ద్వారాలుంటాయట. నొప్పి పుట్టినచోట ద్వారం తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది. ఆ తోపుకి పక్క ద్వారం, దాని తోపుకి ఆ పక్కది తెరుచుకుంటూ కబురు మెదడుకి చేరుతుంది. మందు నరంలోకి ఇంకి ఆ ద్వారాలని లోపలినుంచి మూసేస్తుంది. దెబ్బ తగులుతూనే ఉంటుంది, కబురు మాత్రం వెళ్ళదు. మందుని రక్తం త్వరగా కడిగేయకుండా అడ్రినలిన్ కలుపుతారు. కొన్ని గంటలకి మందు పోతుంది, ద్వారాలు తెరుచుకుంటాయి. అక్కడ పుస్తకం మూసేశాను. తరవాతి అధ్యాయం పేరు ‘ఉపద్రవాలు’. అది పరీక్షలు రాసేవాళ్ళకి కదా అనుకున్నాను.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి.

"భయంగా ఉందా అంకుల్?"

"భయమేటమ్మా? సోడియం ద్వారాలు మూసేత్తారు, అంతే కదా!"

ఆమె నవ్వి నర్సుతో, "చూశావా, అంకుల్‌కి మనకన్నా బాగా తెలుసు" అంది. ఆ పొగడ్త నాకు మందు కంటే ముందే ఎక్కింది. పల్లీల పొట్లం కాగితం కూడా చదివి గానీ పారెయ్యని నేను, వాళ్ళిచ్చిన కాగితం చదవకుండా సంతకం పెట్టాను.

సూది దవడ చివర దిగింది. దిగిన క్షణంలో నాలుక కుడి సగం మీద కరెంటు కొట్టినట్టయింది. అప్పుడు చెయ్యెత్తాలి. ఎత్తలేదు. ఇన్ని తెలిసినవాడు సూదికి ఉలిక్కిపడ్డాడని అనుకోకూడదు కదా. నాలుక జిల్లుమందా అని ఆమె కూడా అడగలేదు. మందంతా అక్కడే దింపింది.

"రెండు మూడు గంటల్లో మామూలైపోతుంది అంకుల్" అంది.

పెదవికి సాయంత్రానికి స్పర్శ వచ్చింది. నాలుకకి రాలేదు. వారం తరవాతా రాలేదు. కుడి సగం ఎవరిదో నా నోట్లో పెట్టినట్టుండేది. పైగా ఏమీ తినకపోయినా ఆ వైపు నుంచి ఇనుము నాకినట్టు ఉప్పన ఊరేది. మళ్ళీ వెళ్ళాను.

"ఒక్కోసారి అలా అవుతుంది అంకుల్. నాలుక నరం ఆ పక్కనే ఉంటుంది. సూది తగిలినా, మందు ఘాటుకైనా దెబ్బతినొచ్చు. చాలామందికి నెలల్లో తగ్గిపోతుంది."

"తగ్గనోళ్ళకి?"

ఆమె మాత్రలు రాస్తూ, "ఇంతకీ మీరేం పని చేస్తారు?" అంది. ఆ ప్రశ్న ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

"బెల్లం రుచి సూత్తానమ్మా."

పెన్ను ఆగిపోయింది.

కొట్లో ఎవరికీ చెప్పలేదు. ముక్కని ఎడమవైపుకి తోసుకుని నెట్టుకొచ్చాను. అలాంటి రోజుల్లోనే కోటవురట్ల రైతు వచ్చాడు.

"ఉప్పు తగుల్తంది" అన్నాను.

"ఉప్పా? మాది ఎర్రమట్టి బావా, ఉప్పెక్కడిది? ఇంకోపాలి సూడు."

నీళ్ళు పుక్కిలించి మళ్ళీ చూశాను. ఎడమవైపు తీపంటోంది, కుడివైపు ఉప్పంటోంది. నా నాలుక సంగతి చెప్పడానికి అదే సమయం. చుట్టూ మనుషులున్నారు. "ఉప్పే" అన్నాను.

"షావుకారూ, తమరైనా ఓ ముక్క ఏసుకోండి" అని రైతు బతిమాలాడు.

షావుకారు ముక్క అందుకోనైనా లేదు. "ఆడు ఉప్పంటే ఉప్పే" అన్నాడు.

"సెరుకు సముద్రంలో కడిగి తెచ్చేవేటి మావా?" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఆ దిమ్మలు పశువుల దాణాకి వెళ్ళిపోయాయి.

"ఏడాది కట్టం బావా" అన్నాడు రైతు. "ఆ పసువులు తిన్నాక, ఉప్పగుందేటని ఆటినైనా అడుగు."

కింద రాలిన ముక్క ఒకటి తీసి, మా కొట్లో దిమ్మలు పేర్చే ఆవిడకిచ్చి, ఎలా ఉందో చెప్పమన్నాను.

"ఉప్పేటి సిన్నాన్నా, పాకంలాగుంది! నీకు జొరమొచ్చిందేటి?"

ఆ సాయంత్రం ఉపద్రవాల అధ్యాయం నిలబడే చదివాను. మందు రక్తంలోకి ఎక్కువగా పోతే మూతి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, తరవాత ఫిట్స్, గుండె ఆగడం కూడా. అందుకే మందు ఎక్కించేముందు సిరంజి పిడిని కాస్త వెనక్కి లాగి, రక్తం వస్తోందేమో చూడాలి. నరం గురించి రెండే వరుసలున్నాయి: కరెంటు కొట్టినట్టుంటే రోగి వెంటనే చెప్పాలి, సూది వెనక్కి తీయాలి.

మర్నాడు షావుకారుకి అంతా చెప్పాను.

"మరి ఆయేళ నోరెందుకు మూసుకున్నావు?"

"అందరూ ఉన్నారు కదండీ."

"ఆడూ అందరి ముందే నిలబడ్డాడు కదా."

కోటవురట్ల వెళ్ళాను. రైతు నిలబడే విన్నాడు. "ఈ మాట మార్కెట్లో సెప్పు బావా, మా అరుగు మీద కాదు" అన్నాడు. మార్కెట్లో చెప్పాను. "పాపం, ఆడి మీద జాలిపడి సెప్తన్నాడు" అన్నారు. ఆయన ఇప్పుడు సరుకు వేరే కొట్టుకి తీసుకెళ్తున్నాడు. అక్కడా ఆయన్ని ‘ఉప్పు మావ’ అనే పిలుస్తున్నారు.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళ పేర్లు రాయను. మా మార్కెట్ చిన్నది, ఎవరికి వాళ్ళకి తెలుస్తుంది. గ్రంథాలయంలో ఆ పుస్తకాన్ని నాకోసం మళ్ళీ వెతికి తీసినాయనకి కృతజ్ఞతలు. ఇది సూది వల్లే అయ్యుంటుందని చివరికి తన చేత్తో కాగితం రాసిచ్చిన డాక్టరమ్మకి కూడా. ఆ ధైర్యం నాకు కుర్చీలో లేకపోయింది. నన్ను పొమ్మనకుండా దిమ్మలకి చీటీలు కట్టే పనిలో పెట్టిన షావుకారుకి. నా చోట ఇప్పుడు రుచి చూస్తున్నది, ఆ రోజు ముక్క తిన్న ఆవిడే. మొదట్లో మర్యాదకి ప్రతి దిమ్మకీ నావైపు చూసేది. ఈమధ్య చూడటం మానేసింది. అందుకు ఆమెకీ కృతజ్ఞతలు.