ఆత్మ లేదన్న నాన్న

మా నాన్న పెద్దవయసులో బౌద్ధం తీసుకున్నాడు. దేవుడు లేడు, చచ్చాక మిగిలే ఆత్మా లేదు, తనకు కర్మకాండలు చేయొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఆయన పోయాక ఆ మాట నిలబెట్టాను. కానీ పిండం పెట్టకపోతే ఆత్మ ఆకలితో తిరుగుతుందని మా అత్తగారు అనడంతో నాకు దిగులు పట్టుకుంది.

ఆ దిగులుతోనే ఆఫీసు పనిమీద విజయనగరం నుంచి కడప వచ్చి, బద్వేలు బస్సెక్కాను. పక్క సీటు ముసలామె మాట కలిపింది.

"అమ్మానాయనా బాగుండారా పాపా?"

నాన్న పోయారన్నాను.

"అయ్యో! దినాలు బాగా జరిపించినారా?"

జరిపించలేదని చెప్పి, ఎందుకో, మా అత్తగారు ఏమన్నారో కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"మా ఇంటాయనకు నేను ఏటేటా పెడతా. పెట్టకపోతే ఊరుకోడు, తిండి మీద శానా ఆశ" అంది. మళ్లీ నా వైపు తిరిగి, "మీ నాయన ఆత్మే లేదన్యాడు గదా. ఆ మాట నిజమైతే ఇంక ఆకలితో తిరిగేది ఎవురు పాపా?" అని అడిగింది.

"మా అత్తగారి మాటే నిజమైతే, మామ్మా?" అన్నాను.

"అయితే మాత్రం ఏం? బిడ్డ తన మాట నిలబెట్టిందని మీ నాయన కండ్లారా చూస్తాంటాడు. కడుపు నిండదా ఆయనకు?"

ఏడుస్తూనే నవ్వేశాను. ఆ తర్వాత ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. బద్వేలులో ఆమే తట్టి లేపింది. నా తల ఆమె భుజం మీద ఉంది.