కిర్రు బాబాయ్ కుర్చీలు

మా బాబాయ్ సినిమాలకి మాటలు రాస్తాడు గానీ, మనుషుల మాట నమ్మడు. కుర్చీల మాటే నమ్ముతాడు.

ప్రివ్యూలో అందరూ తెర చూస్తుంటే, ఆయన ఆఖరి వరసలో కళ్ళు మూసుకుని, చెవులు రిక్కించి కూర్చుంటాడు. సినిమా బాగున్నచోట ఎవరూ కదలరు. విసుగొచ్చినవాడు కదులుతాడు, వాడి కుర్చీ కిర్రుమంటుంది. కిర్రుమన్నప్పుడల్లా బాబాయ్ చీటీ మీద ఒక గీత. మర్నాడు ఆ మాటలు కత్తెరపాలు. తను రాసినవైనా సరే, కనికరం లేదు. అందుకే సినిమావాళ్ళంతా ఆయన్ని కిర్రు గారంటారు.

ఇంట్లోనూ ఇదే గోల. భోజనాల బల్ల దగ్గర నాలుగు కుర్చీలూ నాలుగు రాగాలు తీస్తాయి. పిన్ని కుట్టుమిషను నూనె పోస్తానంటే అడ్డం పడతాడు.

"నూనె పోస్తే కుర్చీ అబద్ధాలు నేర్చుకుంటుందే."

"మొన్న బావగారు మీ కథ వింటూ గంటసేపు కదల్లేదు. కథ అంత బాగుందా?"

"లేదు. నిద్రపోయాడు."

ఆ బావగారు మా నాన్నే. నిజంగానే నిద్రపోయాడు.

బాబాయ్ దగ్గర సహాయకురాలిగా చేరాక నేను రాసిన మొదటి సీను బట్టల కొట్టులో జరుగుతుంది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు రోజంతా నిలబడే ఉంటారు, కూర్చోడానికి స్టూలైనా ఉండదు. వాళ్ళలో పెద్దావిడ చేత యజమానికి నాలుగు పేజీల ఉపన్యాసం దంచించాను. అది చదువుతూ బాబాయ్ తన కుర్చీని పదకొండుసార్లు కిర్రుమనిపించాడు.

"నీతి చెప్పడం తప్పు కాదమ్మాయ్. టిక్కెట్టు కొన్న పాపానికి ప్రేక్షకుణ్ణి తిట్టకూడదు. ముందు నవ్వించు. నోరు తెరిచి నవ్వుతున్నప్పుడు మాత్ర వేసెయ్."

నాలుగు పేజీలు ఒకటయ్యాయి. హాస్యనటుడు కొట్టుకొచ్చి, నలభై చొక్కాలు విప్పించి, ఒక్కటీ నచ్చక, "కాళ్ళు లాగేస్తున్నాయి, కాస్త కుర్చీ వెయ్యండి" అంటాడు. పెద్దావిడ కుర్చీ వేసి, "నాకూ లాగుతున్నాయి బాబూ, పద్దెనిమిదేళ్ళుగా" అంటుంది. కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. అంతే సీను.

ఆ పెద్దావిడ వేషం వేసింది డబ్బింగ్ అక్క. ముప్ఫై ఏళ్ళుగా ఎందరో హీరోయిన్లకి గొంతిచ్చింది గానీ, ఆవిడ మొహం తెరమీద పడటం అదే మొదటిసారి. ఉన్నది ఆ ఒక్క సీనే. చూపించుకుందామని చెల్లెళ్ళిద్దరినీ ప్రివ్యూకి వెంటబెట్టుకొచ్చింది.

నిర్మాత మాత్రం ముందురోజే పెదవి విరిచాడు. "కిర్రు గారూ, మీ పద్ధతిలోనే పోదాం. ఆ సీనులో ఒక్క కుర్చీ కిర్రుమన్నా సీను తీసేసి పాట పెడతాను."

"సరే" అన్నాడు బాబాయ్.

ఆ ప్రివ్యూ గదిలో కుర్చీలు మనం ఊపిరి పీల్చినా కిర్రుమంటాయి.

మర్నాడు ప్రివ్యూలో ఆ సీను వచ్చింది. నలభై చొక్కాలకీ జనం పగలబడి నవ్వారు. డబ్బింగ్ అక్క నోరు విప్పింది. గదిలో చీమ చిటుక్కుమంటే ఒట్టు. నిర్మాత అనుమానంతో తన కుర్చీలో అటూ ఇటూ ఊగి చూశాడు. అదీ నోరెత్తలేదు.

"ఉంచేద్దాం లెండి" అన్నాడు చివరికి.

డబ్బింగ్ అక్కని చెల్లెళ్ళు చెరో పక్కా పట్టుకుని ఏడుస్తూ నవ్వారు. నాకూ కళ్ళు చెమర్చాయి. లేవబోతూ కుర్చీ పక్కన చెయ్యి ఆనిస్తే జిడ్డు అంటుకుంది. పక్క కుర్చీకీ జిడ్డే. బాబాయ్ చొక్కా చేతులు చూశాను. మోచేతులదాకా నూనె మరకలు.

"బాబాయ్, ఇది మోసం కదా?"

"ఆవిడ ముప్ఫై ఏళ్ళు పక్కవాళ్ళ పెదాలకి మాట కలిపింది. ఆవిడ కోసం ఒక్కపూట కుర్చీలు నోరు మూసుకుంటే ఏం పోయింది?"

"మరి థియేటర్లో కుర్చీలకి ఎవరు పోస్తారు?"

"అక్కడ ఆవిడే చూసుకుంటుంది."

చూసుకుంది. విడుదల రోజు బాబాయ్, నేనూ ఆఖరి వరసలో కళ్ళు మూసుకుని కూర్చున్నాం. ఎనిమిది వందల కుర్చీలు, ఒక్కదానికీ నూనె చుక్క తగల్లేదు. ఆ సీనులో చీటీ మీద గీత పడలేదు.

ఆ పూట భోజనాల దగ్గర పిన్ని కుట్టుమిషను నూనె డబ్బాని తలకిందులు చేసి చూపించింది.

"నిండు డబ్బా కొన్నాను. ఇప్పుడు చుక్క లేదు. ఎవరు వాడారండీ?"

"నాకేం తెలుసు" అంటూ బాబాయ్ కాస్త పక్కకి జరిగాడు.

కుర్చీ కిర్రుమంది.