గాలం తాడు కట్టిన మోటార్ సైకిల్

ఈ పొద్దున మా మనవడు మోటార్ సైకిల్‌ను తోసుకుంటూ వచ్చి వాకిట్లో నిలబెట్టాడు. మిన్నీ బే ఎత్తు ఎక్కుతుండగా యాక్సిలేటర్ వైరు తెగిపోయిందట. మిడిల్ పాయింట్‌లో మెకానిక్ దుకాణం తెరిచేదాకా ఆగాలని విసుక్కుంటూ, తెగిన వైరును బయటికి లాగి, పారెయ్యమని నా చేతిలో పెట్టాడు. నేను ఏదీ పారెయ్యనని తెలిసీ అలాగే అంటాడు. వైరు చివర సన్నని ఉక్కు పోగులు విడిపోయి ముళ్ళలా నిలబడ్డాయి. పెట్రోలు, పాత గ్రీజు కలిసిన వాసన తగలగానే నా కుడిచేతి చూపుడు వేలు దానంతట అదే ముడుచుకుంది. ఆ వేలి కణుపు మీద ఒక గీత ఉంది. అది కరుణమ్మగారి మోటార్ సైకిల్ గీసిన గీత. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిణ్ణి చూడనివాళ్ళకు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలంటే నేను ఆ వైరు తెగిన రోజు గురించే చెప్పాలి.

నేను శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి పెళ్ళయిన కొత్తలో ఓడెక్కి సముద్రం అవతల ఈ దీవికి వచ్చాను. మా ఆయనది చేపల వేట. ఆయన పడవ మీద ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఊరికే కూర్చోలేక జెట్టీ దగ్గర ఐసు షెడ్డులో పనికి వెళ్ళాను. ఆ షెడ్డును నడిపేది కరుణమ్మగారు. గోదావరి వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం వాళ్ళది. భర్త జ్వరంతో పోయాడు. ఆయన మోటార్ సైకిల్‌ను అమ్మేయమని అందరూ చెప్పారు. ఆవిడ అమ్మలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలోనే పడుతూ లేస్తూ నడపడం నేర్చుకుంది. ఆడమనిషి మోటార్ సైకిల్ నడపడం నేను అంతవరకు చూడలేదు. మొదటిసారి చూసినప్పుడు నెత్తి మీది తట్టను దింపడం కూడా మరిచిపోయాను.

"రంపపు పొట్టు నేల మీద పడితే ఏం చేస్తావే?" అని అడిగింది నన్ను, పనిలో పెట్టుకునే ముందు. ఐసు దిమ్మలు కరగకుండా ఆ పొట్టులోనే కప్పి ఉంచేవాళ్ళు.

"ఎత్తి ఆరబెడతానమ్మా. మళ్ళీ పనికొస్తాది గదా."

"రేపట్నించి రా" అంది. ఇంకేమీ అడగలేదు.

ఒక్క విషయం మాత్రం నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. పడవలు వేటకు కదిలే వేళకు కరుణమ్మగారు ఎంత పనిలో ఉన్నా లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. పడవలన్నీ వెళ్ళాకే మళ్ళీ బయటికి వచ్చేది. మా వాళ్ళలో ఒక పట్టింపు ఉంది. పడవ నీళ్ళలోకి దిగేటప్పుడు భర్త పోయిన ఆడది ఎదురు రాకూడదు. వస్తే ఆ రోజుకు వేట మానుకోవలసిందే. "మీ దేవుడు వేరు గదా, మీకెందుకమ్మా ఇయ్యన్నీ?" అని ఒకసారి అడిగాను. ఆవిడ చేతులకంటిన పొట్టు దులుపుకుంటూ, "సముద్రంలోకెళ్ళేది వాళ్ళు. భయమూ వాళ్ళదే. కాసేపు నా మొహం దాచుకుంటే నాకేం అరిగిపోతుందే, పైడమ్మా?" అంది. అరిగిపోతుందని ఆ గొంతులోనే తెలిసింది.

ఆ సీజనులో మా ఆయన, మా మరిది వండూర్ ఒడ్డున మకాం పెట్టారు. ఆ రోజు మధ్యాహ్నం పోటు తగ్గి నీళ్ళు తీసే వేళకు బయలుదేరి దూరంగా పోతారని, రెండు మూడు రోజుల దాకా తిరిగి రారని కబురు పంపారు. పొద్దు కాస్త ఎక్కాక హార్బరులో తుఫాను గుర్తు ఎత్తారు. ఫోన్లు ఇళ్ళల్లో లేని కాలం. వండూర్ బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. ఐసు గొడ్డలి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కరుణమ్మగారు నా మొహం చూసింది. షెడ్డుకు తాళం వేసి, "ఎక్కవే" అంది.

గారాచర్మ దాటి, కొండదారిలో చాలా దూరం పోయాక, ఒక ఎత్తు మధ్యలో బండి గొంతు పోయింది. ఇంజను గుడగుడమంటోంది గాని కదలడం లేదు. ఆవిడ పిడిని ఎంత తిప్పినా అది వదులుగా తిరుగుతోంది. పిడి దగ్గర వైరు తెగిపోయింది. చుట్టూ అడవి, మనిషి జాడ లేదు. నాకు ఏడుపు వచ్చేసింది.

"ఏడిస్తే బండి నడుస్తుందేమో చూద్దాం, కానీ" అంటూ ఆవిడ కింద కూర్చుని, వైరు మీది తొడుగును పిడి నుంచి ఊడదీసి సీటు దాకా లాక్కొచ్చింది. లోపలి ఉక్కు వైరు జానెడు బయటపడింది. దాన్ని లాగితే ఇంజను రంకె వేసింది, వదిలితే ఊరుకుంది. "లాగేదుంటే చాలు. నీ దగ్గర తాడుందా?"

నా నడుముకు దోపుకున్న సంచిలో గాలం తాడు ముక్కలు ఎప్పుడూ ఉండేవి. మగవాళ్ళు పారేసినవి ఏరి పుల్లకు చుట్టి దాచేదాన్ని. వైరు కొసను కొక్కెంలా వంచి, గాలానికి వేసే ముడి వేశాను. ఆ ముడి తడిసినా జారదు.

"ఇప్పుడు విను. క్లచ్చి, బ్రేకు, దారీ నావి. ఇంజను నీది. నీ మోకాలి మీద తడితే లాగు. మోచేత్తో పొడిస్తే వదులు."

"నానా? నాకేటి తెలుసమ్మా బండి సంగతి?"

"నాక్కూడా తెలీదే, తాడుతో నడిపే బండి సంగతి. పద."

చీర గోచీ పెట్టి, కాళ్ళు అటొకటి ఇటొకటి వేసి కూర్చుని, తాడును చూపుడు వేలికి చుట్టుకున్నాను. ఎత్తు ఎక్కాం. బాగానే ఉందనుకుంటుండగా గుంతలో చక్రం పడింది, తాడు జివ్వుమని గుంజింది. నేను పుట్టి పెరిగింది గాలాల మధ్య. తాడు గుంజిందంటే చేప కరిచిందనే నా చేతికి తెలుసు. ఒక్క లాగు లాగాను. బండి ముందు చక్రం లేపుకుని పొదల్లోకి దూకబోయింది. కరుణమ్మగారు మోచేత్తో నా పక్కటెముకల్లో పొడిచి, బ్రేకు తొక్కి ఎలాగో ఆపింది.

"చేపను కాదే నేను! మనిషిని!" అని అరిచి, మరుక్షణంలో పడీ పడీ నవ్వింది. భర్త బతుకుతాడో లేదో తెలియని దాన్ని, నేనూ నవ్వాను.

ఆ తర్వాత నా చేయి నెమ్మదించింది. గుంజినప్పుడు బిగుసుకోకుండా, జారినప్పుడు వదిలెయ్యకుండా పట్టుకోవడం తెలిసింది. కొంత దూరం పోయాక ఆవిడ తట్టడం మానేసింది. ఆవిడ వీపు ముందుకు వంగితే నేను లాగుతున్నాను, నిటారుగా అయితే వదులుతున్నాను. వేలు కోసుకుపోయి తాడు ఎర్రబడిందని దిగాకే చూసుకున్నాను.

మేం చేరేసరికి మా వాళ్ళ పడవ సగం నీళ్ళలో ఉంది. మా ఆయన నన్ను చూసి, "ఏటే ఈ ఏసం? సర్కస్‌లో సేరిపోనావేటి?" అన్నాడు. తుఫాను గుర్తు ఎత్తారని చెప్పాను. మా మరిది పకపకా నవ్వాడు.

"సముద్రం సూడు వొదినా, నూనె పోసినట్టుంది. తుఫాన్ కిధర్ హై? ఆళ్ళు ఎత్తుతారు, దింపుతారు. ఆళ్ళకి అదే పని."

కరుణమ్మగారు బతిమాలింది. ఒక్క రోజు ఆగమంది. వాళ్ళు వినలేదు. మా ఆయన పడవకు భుజం ఆనించాడు. నేను ఆయన రెక్క పట్టుకుంటే విదిలించుకున్నాడు.

అప్పుడు కరుణమ్మగారు చెప్పులు విడిచింది. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచి వెళ్ళి, పడవ ముక్కు మీద చెయ్యి వేసి, అందరికీ ఎదురుగా నిలబడింది.

"నా ఎదురు మంచిది కాదంటారుగా. ఇదిగో, ఎదురొచ్చాను. ఇప్పుడు వెళ్ళండి, చూద్దాం."

మా మరిది చేతిలోంచి తెడ్డు జారింది. ఎన్నేళ్ళుగానో తలుపు చాటున దాచుకున్న మొహాన్ని ఆవిడ ఒక్కొక్కరి కళ్ళల్లోకి చూస్తూ చూపించింది. అవతల ఇంకో పడవ కదలబోతే దాని ముందుకూ వెళ్ళి నిలబడింది. వాళ్ళ నోటి నుంచి ఏ మాట వస్తుందో ఆవిడకు తెలుసు. ఆ మాటే వచ్చింది. నేను చెవులు మూసుకున్నాను గాని ఆవిడ మూసుకోలేదు.

"మా నోటికాడ కూడు తీసీసినారు" అన్నాడు మా ఆయన.

"తిట్టు బాబూ. తిట్టడానికి ఒడ్డున ఉన్నావుగా" అంది.

తుఫాను రాలేదు. ఎటో తిరిగి పోయింది. రాత్రికి మేమిద్దరం అక్కడే ఆగిపోయాం. మర్నాడు పొద్దున కూడా నీళ్ళు కదలకుండా అద్దంలా ఉన్నాయి. మగవాళ్ళ కోపం ఇంకా ఎక్కువైంది. మేం తిరుగు ప్రయాణం అవుతుంటే మా ఆయన వచ్చి బండి పక్కన కూర్చున్నాడు. నా ముడి విప్పి, కొత్త తాడు తీసి రెండు పేటలు వేసి కట్టాడు. నా వేలికి గుడ్డపీలిక చుట్టాడు. ఆవిడ వైపు మాత్రం చూడలేదు.

దారిలో నేనే ఉండబట్టలేక, "గాలి రానేదని మీకు బాధగా నేదా అమ్మా? అన్ని మాటలు పడ్డారు" అన్నాను.

ఆవిడ బండి ఆపేసింది. వెనక్కి తిరిగి నన్ను వింతగా చూసింది. "గాలి రావాలని నేనెందుకు కోరుకుంటానే? నా మాట నెగ్గడానికి వాళ్ళ పడవలు మునగాలా?"

నేను బడిలో చదివింది రెండో తరగతి. అంతకంటే పెద్ద మాట ఆ తర్వాత కూడా నేను ఎక్కడా వినలేదు. ఆవిడ మళ్ళీ జెట్టీలో పడవలు కదిలే వేళకు లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది, ఏమీ జరగనట్టే.

మా ఆయన పోయాక ఆ పట్టింపు నాకూ వచ్చి చేరింది. పోయిన వానాకాలం మనవడు గుర్తు ఎత్తాక కూడా పడవ తీయబోయాడు. "ఫోన్లో చూశాను నానమ్మా, కుచ్ నహీ హోగా" అన్నాడు. నేను నీళ్ళలోకి దిగి పడవ ముక్కు మీద చెయ్యి వేశాను. వాడికి పట్టింపులు లేవు, కానీ నన్ను పక్కకు నెట్టే ధైర్యమూ లేదు. ఆ రోజూ గాలి రాలేదు. సాయంత్రం దాకా నన్ను సాధించాడు. నేను పళ్ళెంలో అన్నం పెట్టి, తిట్టమని ఎదురుగా కూర్చున్నాను.

తెగిన వైరును ఇందాకే గాలం తాడు పుల్లకు చుట్టి చూరులో దోపాను.