షబానా అన్న మాట

2023లో, వానలు మొదలైన రోజుల్లో జరిగిన సంగతి ఇది. అప్పటికే నేను సిద్దిపేటలో చాలా ఏళ్లుగా ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తున్నాను. వినికిడి లేనివాళ్లు చేతులతో చెప్పింది నోటితో పలకడం, ఎదుటివాళ్లు నోటితో అన్నది చేతులతో చెప్పడం నా పని. దవాఖానలో, పోలీస్ స్టేషన్‌లో, బ్యాంకులో, ఒకసారి పెళ్లిచూపుల్లో కూడా ఇద్దరి మధ్య నిలబడ్డాను. ఈ పనిలో మొదట నేర్పేది, మన అభిప్రాయాన్ని గుమ్మం బయటే వదిలి రమ్మని. తిట్టును తిట్టులాగే చెప్పాలి. అబద్ధమని తెలిసినా అబద్ధాన్ని ఉన్నదున్నట్టే చెప్పాలి.

ఈ కేసు దవాఖానదీ కాదు, ఠాణాదీ కాదు. ఫోన్లలో ఉన్న ఒక సంఘానిది.

మా వైపు డెఫ్ వాళ్లు (తమను తాము అట్లనే చెప్పుకుంటారు) ముందు ఒక కంపెనీ యాప్‌లో గ్రూపు పెట్టుకున్నారు. రాయడం, చదవడం చాలామందికి కష్టం కాబట్టి అంతా వీడియోలే. ఒకరోజు కారణం తెలియకుండా ఆ గ్రూపు మూతపడింది. పెళ్లి వీడియోలు, బతుకమ్మ వీడియోలు, ముచ్చట్లు అన్నీ పోయాయి. అప్పుడు రవీందర్ వేరే దారి చూపించాడు. అతనికి వినికిడి ఉంది, తమ్ముడికి లేదు. సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. అతని పద్ధతిలో ఏ ఊరి సర్వర్ ఆ ఊరిదే. సర్వర్ అంటే వీడియోలన్నీ దాచే కంప్యూటర్. సిద్దిపేటకు ఒకటి, జనగామకు ఒకటి, కరీంనగర్‌కు ఒకటి. ఒక ఊరి వీడియోలు మిగతా ఊళ్లకు కనిపిస్తాయి గానీ, అందరి మీద పెత్తనం చేసేవాళ్లు ఎవరూ ఉండరు. అది అందరికీ నచ్చింది. ఎవరైనా తప్పు చేస్తే ఏం చెయ్యాలన్నది మాత్రం ఎవరూ రాసుకోలేదు.

తప్పు చేసింది శ్రీనివాస్. అతను టైలర్, పుట్టుకతోనే డెఫ్. రెండు వేళ్లు కత్తెరలాగా ఆడిస్తే అది అతని సైగ పేరు. సిద్దిపేట డెఫ్ వాళ్లందరికీ అతని షాపే అడ్డా. వికలాంగుల సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు ఎవరు పోవాలన్నా తోడుగా పోయేది అతనే. నవ్వించడంలో అతన్ని మించినవాళ్లు లేరు.

తొగుట నుంచి షబానా అనే ఆమె కొత్తగా గ్రూపులో చేరింది. ఆమె బడికి పోలేదు. మిగతావాళ్లు బడిలోనో, దోస్తుల దగ్గరో నేర్చుకున్న సైగల భాష ఆమెకు రాదు. ఆమెవి ఇంట్లో పుట్టిన సైగలు. మా పనిలో వాటిని హోమ్ సైన్ అంటాం. భర్తది పంక్చర్ దుకాణం గనుక, పంపు కొట్టినట్టు చేస్తే భర్త అని అర్థం. చాట చెరిగినట్టు చేస్తే బియ్యం. ఇంట్లోకి వాననీళ్లు వస్తే బియ్యం సంచి ఎట్లా కాపాడుకుందో ఒళ్లంతా కదిలించి చెప్తూ ఆమె ఒక వీడియో పెట్టింది. అదే ఆమె మొదటి వీడియో. మర్నాడు శ్రీనివాస్ ఆమెను అనుకరిస్తూ ఇంకో వీడియో పెట్టాడు. అదే నడక, అదే చాట, అదే మూతి. మూడు ఊళ్ల వాళ్లు పడి పడి నవ్వారు. షబానా తన వీడియో తీసేసింది. మళ్లీ గ్రూపులో కనిపించలేదు.

సిద్దిపేట ఆడవాళ్లు కొందరు రవీందర్‌ను నిలదీస్తే, అతను నన్ను పిలిచాడు.

ఒక ఆదివారం స్కూలు హాల్లో అందరం కూర్చున్నాం. అందరి చేతులు అందరికీ కనిపించాలని కుర్చీలు గుండ్రంగా వేశారు. మిగతా రెండు ఊళ్ల వాళ్లు టీవీలో వీడియో కాల్‌లో ఉన్నారు. సైగల్లో అన్నవాటిని ఇక్కడ మా మాటతీరులోనే రాస్తున్నాను.

రవీందర్ తాను రాసిన నియమం చదివాడు. "అవమానకరమైన పోస్టులు నిషేధం. సరిపోతది గదా అక్కా?"

అది సైగల్లో చెప్పగానే శ్రీనివాస్ లేచాడు. "అవమానం ఏంది? నేను తిట్టిన్నా? నవ్విచ్చిన, గంతే. అందరు నవ్విన్రు."

ఎదురుగా ఉన్న ఒకామె అడిగింది. "ఆమె నవ్విందా?"

ఆ ప్రశ్నే తర్వాత నియమమైంది. ఎవరి మీద చేస్తామో వాళ్లు కూడా నవ్వితేనే అది నవ్వులాట, లేకపోతే తీసెయ్యాలి.

తప్పు చేసినవాళ్లను గ్రూపులోంచి పంపాలా వద్దా అన్నది ఓటుతో తేల్చాలనుకున్నాం గానీ, అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తమని ఏదో చిన్న విషయం మీద రవీందర్ అడిగి చూశాడు. అందరూ ముందు శ్రీనివాస్ వైపు చూసి, అతను ఎత్తాక ఎత్తారు. ఫోన్‌లో ఓటు పెడదామంటే, ఆడవాళ్లలో చాలామందికి సొంత ఫోన్ లేదు. భర్త ఫోన్‌లో భర్త ముందే వెయ్యాలి. రవీందర్ తల పట్టుకున్నాడు. చివరికి తానే తేల్చాడు. మనిషిని బయటికి పంపే ఓటు ఏ ఊరిది ఆ ఊళ్లో, ఎదురెదురుగా కలిసినప్పుడే వెయ్యాలి. నల్లబల్ల వెనక బట్టసంచి. మక్కగింజ వేస్తే పంపాలని, కందిగింజ వేస్తే ఉంచాలని. చదువు రాకపోయినా ఇబ్బంది లేదు.

"ఆన్‌లైన్ గ్రూపుకు గింజల ఓటు పెట్టిన అంటే మా ఆఫీసుల నవ్వుతరు" అన్నాడు నాతో. అది కూడా నేను సైగల్లో చెప్పేశాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

తర్వాతి సమావేశానికి షబానా వచ్చింది. వెంట అత్త రజియాబీ. షబానా నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. వేగంగా, పెద్ద పెద్ద కదలికలతో చెప్తోంది. నాకు సగమే అందింది. అట్లాంటప్పుడు ఊహించి చెప్పకూడదు. చేతులు దించి, అర్థం కావడం లేదని సభకు చెప్పాను.

శ్రీనివాస్ చెయ్యెత్తాడు. "నాకు మొత్తం అర్థమైతది. నేను చెప్త."

కుదరదన్నాను. ఫిర్యాదు ఎవరి మీదనో వాళ్లే ఫిర్యాదుకు అర్థం చెప్పడం ఏ పద్ధతిలోనూ లేదు. అందరూ ఒప్పుకున్నారు. అప్పుడు రిలే పెట్టాం. కోడలి సైగలను రజియాబీ తెలుగులో చెప్తుంది, ఆ తెలుగును నేను సభకు సైగల్లో చెప్తాను.

షబానా మళ్లీ మొదటి నుంచి చెప్పింది. రజియాబీ నా వైపు తిరిగి, "శీనన్న మంచోడే అంటుంది బేటీ. తెలువక చేసిండు, ఇంకోసారి చెయ్యకుంటె చాలు అంటుంది" అన్నది.

అట్లాగే చెప్పాను. హాలంతా తేలికపడింది. కొందరు సంచి కూడా అక్కర్లేదన్నట్టు చూశారు. షబానా మాత్రం నా చేతుల వైపు, వాళ్ల ముఖాల వైపు మార్చి మార్చి చూస్తోంది.

శ్రీనివాస్ కుర్చీలోంచి లేచాడు. "ఆగున్రి. ఆమె గట్ల అనలే."

అతన్ని చెప్పొద్దన్నది నేనే. కానీ సభలో ఎవరేమన్నా చెప్పాల్సింది కూడా నేనే. అతను చేతులతో అన్నది నోటితో చెప్పాను.

"కత్తెర ఈడ ఉంటే నేను ఈడ ఉండ అన్నది. ఆ వీడియో చూసిన కాంచి ఇంట్ల కూడ చెయ్యి లేపాలంటె సిగ్గయితుంది అన్నది. చాలు అనే మాట ఆమె అనలే."

అది నా నోట వినగానే రజియాబీ నా చెయ్యి పట్టుకుంది. "బ్లౌజుల హెమ్మింగ్ పని ఆయనే ఇస్తడు బేటీ. ఇంట్ల కూసొని చేసుకునే పని ఇంకెవరిస్తరు? గిది చెప్పకు."

"ఈడ అన్నది చెప్పకుండ ఉండలేనమ్మా" అని, అది కూడా చెప్పాను.

శ్రీనివాస్ ఆమె వైపు తిరిగాడు. "పని వేరే, గిది వేరే. ఓటు ఎట్లయినా గానీ, బ్లౌజుల పని ఆగది." తర్వాత అదే మాట షబానాకు ఆమె సైగల్లోనే చెప్పాడు. ఆమెను వెక్కిరించిన ఆ చేతులే, ఈసారి తగ్గి, నిదానంగా.

అత్త చెప్పిందీ, శ్రీనివాస్ చెప్పిందీ రెండూ పక్కన పెట్టాను. షబానా ముందుకు వెళ్లి నిలబడ్డాను. శ్రీనివాస్‌ను చూపించి అతని కుర్చీ చూపించాను. మళ్లీ అతన్నే చూపించి తలుపు చూపించాను. ఏది? ఆమె తలుపు చూపించింది. క్రమం మార్చి మళ్లీ అడిగాను. తలుపే.

సంచిలో మక్కలే ఎక్కువ వచ్చాయి. ఆరు నెలలు శ్రీనివాస్ సిద్దిపేట సర్వర్‌కు దూరం. జనగామ వాళ్లు తమ ఓటులో అదే తేల్చారు. కరీంనగర్ వాళ్లు ఒప్పుకోలేదు. తమ దగ్గర అతను ఏ తప్పూ చెయ్యలేదన్నారు. ఏ ఊరి నిర్ణయం ఆ ఊరిదని మేమే రాసుకున్నాం కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు. ఆ ఆరు నెలలూ అతను కరీంనగర్ గ్రూపులో నవ్విస్తూనే ఉన్నాడు. సిద్దిపేట సర్వర్ అతన్ని ఆపేసింది కాబట్టి, షబానా ఏ వీడియో పెట్టినా అతనికి మాత్రం కనిపించదు. ఆ సంగతి ఆమెకు తెలియజేస్తే, అంతే కావాలన్నట్టు తల ఊపింది. కొన్నాళ్లకు వీడియోలు పెట్టడం మొదలుపెట్టింది. బ్లౌజులు ఆగలేదు. గడువు అయ్యాక అతను తిరిగి చేరాడు. ఆమె అతని వీడియోలకు ఇప్పటికీ జవాబు ఇవ్వదు.

ఓడిపోతానని తెలిసి ఎందుకు లేచావని ఒకసారి బ్లౌజు కుట్టించుకోవడానికి పోయినప్పుడు అడిగాను. అతను మిషన్ ఆపాడు. "ఎక్కిరియ్యాలని ఆమెను మస్తు సార్లు చూసిన. చూసి చూసి ఆమె మాట నాకు వచ్చేసింది. వచ్చినంక, తప్పు చెప్తుంటె ఎట్ల చూస్కుంట కూసుంట?"

ఓటు ఎట్లా వెయ్యాలి, ఎంతమంది ఉంటే చెల్లుతుంది, గింజలు ఎవరు లెక్కపెట్టాలి అని వారాల తరబడి వాదించుకున్నాం. మాట్లాడే మనిషి మాట అందరికీ సరిగ్గా చేరిందా అని ఎవరు చూడాలన్నది మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడు మూడు ఊళ్ల నియమాల్లోనూ అదే మొదటిది. ఇంటి మనిషి అర్థం చెప్తే, చెప్పుకున్న మనిషిని తిరిగి అడిగి ఖాయం చేసుకోవాలి.

నా వరకు, ఏమీ కలపకుండా చెప్తే నా పని పూర్తయినట్టేనని అనుకునేదాన్ని. ఆ రోజు రజియాబీ మాటలో ఒక్క అక్షరం మార్చలేదు. అయినా సభకు చేరింది షబానా మాట కాదు. ఈమధ్య దవాఖానలో వినికిడి లేని ఒకమ్మాయి కడుపునొప్పి గురించి డాక్టర్ అడుగుతుంటే, తల్లే అన్నిటికీ జవాబు చెప్తోంది. తల్లి చెప్పింది అమ్మాయికి సైగల్లో ఉన్నదున్నట్టే చెప్పి, డాక్టర్‌తో "ఆ పిల్లను కూడా అడుగుదాం సార్" అన్నాను. బయట లైను చాలా ఉందని ఆయన విసుక్కున్నాడు. నేను అమ్మాయి వైపు తిరిగి, ఆమె చేతులు లేచేదాకా ఆగాను.