గుమ్మానికి కట్టిన చీర

షుగరు వచ్చిందని డాక్టరు గోధుమరవ్వ ఉప్మా తినమన్నాడు. మా కోడలు ఆ మాటను వేదవాక్కుగా తీసుకుంది. రోజూ అదే. ఉప్పు కూడా డాక్టరును అడిగే వేస్తున్నట్టుంది. ఈ వయసులో ఫిర్యాదు చేస్తే వినేవాళ్ళు తక్కువ గనుక మాట్లాడకుండా తింటాను. కానీ రవ్వ వేగే వాసన వస్తే మాత్రం పద్మావతిగారు గుర్తొస్తారు.

ఎనభైల్లో, గురజాల వైపు పల్లెల్లో గర్భిణులకు గోధుమరవ్వ ఉప్మా వండిపెట్టే సర్కారు పథకంలో నేను సూపర్‌వైజర్ని, ఆవిడ నా పై ఆఫీసరు. దాచేపల్లి మీదుగా వెళ్ళి బస్సు దిగేసరికి దుమ్ము కొట్టుకుని ఇద్దరం సున్నం కొట్టిన గోడల్లా ఉండేవాళ్ళం. ఆవిడ ఎప్పుడూ అలిసిపోయినట్టే కనిపించేవారు. అలసటకీ పని మానడానికీ ఏదో సంబంధం ఉంటుందని నేననుకునేదాన్ని. ఆవిడ అనుకోలేదు.

ఆ ఏడు వానల్లేవు. మిరప చేలు ఎండిపోయాయి, కూలి లేదు. ఒక ఊళ్ళో మా ఉప్మా ఒక్క గర్భిణి నోట్లోకీ పోవడం లేదు. గిన్నెలో పెట్టించుకుని ఇంటికి పట్టుకుపోతున్నారు. అక్కడ ఇంటిల్లిపాదీ తినగా మిగిలింది ఆమెది, మిగలడం అరుదు. నేను డిగ్రీ చదివినదాన్ని కనుక మాంసకృత్తుల గురించి ప్రసంగించాను. అందరూ ఎంతో మర్యాదగా విని, గిన్నెలు కొంగు కింద పెట్టుకుని వెళ్ళిపోయారు.

పద్మావతిగారు మాత్రం కోటమ్మను ఆపారు. కూలికి పోయే పిల్ల. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. మళ్ళీ నెలలు నిండుతున్నాయి, మనిషి చూస్తే ఎండుపుల్ల.

"ఇక్కడే తినొచ్చు కదమ్మా?"

"నలుగురూ చూస్తా ఉంటే కడుపుతో ఉన్నోళ్ళు తినగూడదమ్మగారూ. దిష్టి తగులుద్ది. పోయినసారి బిడ్డ అట్టాగే పోయిందంట, మా అత్త అంటది."

మూఢనమ్మకాల మీద కూడా నా దగ్గరొక ప్రసంగం ఉంది. నోరు తెరిచాను. పద్మావతిగారు ఒక చూపు చూశారు. మూసుకున్నాను.

మరుసటిసారి ఆవిడ తన సంచిలోంచి పాత నేతచీర తీసి ఉప్మా పెట్టే కేంద్రం గుమ్మానికి అడ్డంగా కట్టించారు.

"వీళ్ళు లోపల తింటారు. నువ్వు బయట కూర్చుని, అత్తలొస్తే కబుర్లలో పెట్టు. నీ డిగ్రీ ఇన్నాళ్ళకి పనికొస్తోంది."

అలా నేను ద్వారపాలకురాలినయ్యాను. వచ్చిన మొదటి అత్త కోటమ్మ అత్తే, సాయమ్మ, చేతిలో ఖాళీ గిన్నెతో.

"ఏందమ్మా, మా కోడల్ని లోపలేసి తెర కట్టారు? తోలుబొమ్మలాట ఆడిస్తన్నారా?"

"దిష్టి తగలకుండా పెద్దమ్మా."

ఆ మాట ఆమెదే కావడంతో కాదనలేకపోయింది. అరుగు మీద కూలబడింది. అప్పటినుంచి మేం వెళ్ళినప్పుడల్లా వచ్చి అక్కడే కూర్చునేది. కోడలికి కాపలా అనుకున్నాను.

కోటమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వీధి చివరిదాకా వినబడిందని సాయమ్మే వచ్చి చెప్పింది. పద్మావతిగారు నవ్వగా చూశాను. అంతకుముందు చూసిన గుర్తు లేదు.

తినని మనిషికి పాఠం చెప్పకు, ఎందుకు తినలేదో అడుగు అని ఆవిడ నోటితో ఎన్నడూ అనలేదు. చేసేవారు, అంతే. అది నాకు వంటబట్టింది. దానితోపాటు ఆ రోజు విన్న సాయమ్మ మాట కూడా. ఉప్మా ముందు కూర్చుంటే ఇప్పటికీ మొదట వినబడేది అదే.

కబురు చెప్పడం అయిపోయినా సాయమ్మ కదల్లేదు. ఎప్పటి అరుగు, ఎప్పటి ఖాళీ గిన్నె. తెర వెనక ఇంకెవరో తింటున్నారు. పద్మావతిగారు చీర పక్కకు తీసి బయటికి వచ్చి, తన అలవాటు ప్రకారం అడిగారు.

"ఇంకా ఏం కావాలమ్మా?"

"ఏం కావాలా? నాకు కానుపులుడిగినయ్యి గానీ, ఆకలి ఉడగలేదమ్మా."