అంజన్న సిందూరం డబ్బా

వనపర్తి నుంచి పెబ్బేరు పోయే రోడ్డు మీద, పంక్చర్ దుకాణం వెనక రేకుల షెడ్డులో అంజన్న ట్రాక్టర్లకు రంగులు వేస్తాడు. వేసేవాడు అనాలి ఇప్పుడు. స్ప్రే గన్‌తో రంగు కొట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. బానెట్ పక్కన ఈ చివర నుంచి ఆ చివర దాకా, కుంచెతో ఒక్క ఊపిరిలో తెల్లగీత లాగేవాడు మాత్రం ఆయనొక్కడే. స్టిక్కర్లు వచ్చాక కూడా ఆ గీత కోసమే అమరచింత నుంచి, శ్రీరంగాపూర్ నుంచి బండ్లు వచ్చేవి.

నాన్న పోయిన ఏడాదికి, నిరుడు ఎండాకాలంలో, ఆయన ట్రాక్టర్‌ను అంజన్న దగ్గరికి తోలుకుపోయాను. ఒంటి మీద నీలం, అక్కడక్కడ తుప్పు. నా భార్య పూర్ణిమకు డ్యూటీ ఉండడంతో రెండేళ్ల పాపను కూడా ఎక్కించుకుని పోయాను.

"ఏ రంగు గావాలె సారూ?"

"మొదట కొన్నప్పుడు ఏది ఉండెనో అదే కావాలె అన్నా. నాకు తెల్వదు. నేను పుట్టకముందు మాట."

"తెల్వకుంటే బండినే అడుగుదాం."

సీటు కింద ఎవరికీ కనిపించని చోట ఎమరీ కాగితంతో గుండ్రంగా రుద్దాడు. రూపాయి బిళ్లంత జాగాలో నీలం పోయి ఎరుపు వచ్చింది. ఎరుపు పోయి నారింజ. దాని కింద మందంగా మరో ఎర్రటి పొర, నడుమ ఇనుము. పొడిగా ఉండడంతో రంగులన్నీ పాలిపోయినట్టున్నాయి. అంజన్న బొటనవేలు నాలుక మీద తడి చేసుకుని ఆ చోట అద్దాడు. రంగులు ఒక్కసారి లేచి కూర్చున్నాయి. కంటికి సరిగా ఆనలేదేమో, అదే వేలు మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

"గీ నారింజ మీ నాయిన కొన్న రంగు. కిందున్నది సిందూరం. అప్పట్ల ఇనుముకు ముందుగాల సిందూరమే కొడ్తుండె. గిసోంటి మాల్ ఇప్పుడు ఏడ దొరుకుతది?"

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. తుప్పు పట్టకుండా ఇనుముకు వేసే ఆ సిందూరం సీసపు ఆక్సైడ్. ఆ కాలపు నారింజలో కూడా సీసం ఉండే అవకాశమే ఎక్కువ. పాపను రెండో భుజానికి మార్చుకుని వెనక్కి జరిగాను.

అంజన్న గూట్లోంచి తనకు పని నేర్పిన ఉస్తాద్ ఇచ్చిన పాత సిందూరం డబ్బా తీశాడు. పని మొదలుపెట్టే ముందు బండికి బొట్టు పెట్టడం ఆయన అలవాటు. ఉంగరం వేలితో బానెట్ మీద పెట్టి, అదే వేలు పాప నుదుటి వైపు చాచాడు. నేను ఆ చేతిని తోసేశాను. తోసిన తర్వాత సిగ్గేసింది.

"ఏంది సారూ, అంజన్న బొట్టు వద్దంటవా? హనుమంతునికి పూసేదే గదా."

"అందులో సీసం ఉంటది అన్నా. పిల్లలకు విషం. నీక్కూడా. వేలు నోట్లో పెట్టకు."

మూల కూర్చుని పాత రంగు గీకుతున్న ఆయన భార్య యాదమ్మ నవ్వింది. "జర గట్టిగ చెప్పు సారూ! వేలు నాకద్దంటే నాకుతడు, ఆ చేతితోనే బీడీ ముట్టిస్తడు. నేను చెప్తే మొరిగినట్టు ఉంటది ఈయనకు."

"ముప్పై ఏండ్ల సంది నాకుతున్న, సచ్చిన్నా? నా పేరే అంజన్న. సిందూరం నన్నేం జేస్తది?"

డబ్బాను గూట్లో పెట్టేటప్పుడు చూశాను. చెయ్యి చాచాడు కానీ అరచెయ్యి పైకి లేవలేదు, మణికట్టు దగ్గర కిందికి వేలాడింది. ఎడమచేత్తో దాన్ని ఎత్తి పట్టుకున్నాడు. "పండుకున్నప్పుడు ఒంటి కింద పడి తిమ్మిరెక్కింది" అన్నాడు.

అది తిమ్మిరి కాదని నాకు అనుమానం వచ్చింది. పాత పొరను కదపకుండా పైన నీలమే కొట్టమంటే సీసం దుమ్ము లేవదని కూడా తెలుసు. నారింజ నిలవాలంటే ఇనుము దాకా గీకాలన్నాడు ఆయన. నేను సరే అన్నాను. నీళ్లతో తడిపి రుద్దమని చెప్పి, డజను మాస్కులు కొనిచ్చి వచ్చాను. రంగు మాత్రం మార్చుకోలేదు.

పదిరోజుల తర్వాత వెళ్తే మాస్కులు మేకుకు వేలాడుతున్నాయి. నేల మీద ఎర్రటి దుమ్ము. అంజన్న కడుపు పట్టుకుని కూర్చున్నాడు. ఆ నొప్పితోనే రంగు కుదిర్చాడు. ఎరుపులో పసుపు కలిపి, చుక్క నలుపు వేసి, రేకు ముక్క మీద పూసి, ఎండలో ఆరబెట్టి, సీటు కింది రూపాయి బిళ్ల పక్కన పెట్టి చూశాడు. నాలుగోసారికి ఏది కొత్తో ఏది పాతో నాకు తెలియలేదు. పలచగా మూడు పూతలు కొట్టాక నాన్న బండి కొత్త పెళ్లికొడుకులా మెరిసింది.

ఇక గీత. ఎడమ పక్కన ఒక్క ఊపిరిలో లాగేశాడు. కుడి పక్కకు వచ్చి రెండడుగులు లాగేసరికి కుంచె జారి పడింది. తుడిచి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ పడింది. మూడోసారి వేళ్లు కుంచెను పట్టుకోనే లేదు.

యాదమ్మ లేచి వచ్చి, రెండు చేతులతో ఆయన మణికట్టును ఎత్తి పట్టుకుంది. "నువ్వు ఊపిరి వట్టు. చెయ్యి నేను వడ్త."

"నువ్వు వడ్తే గీత కల్వకుర్తికి పోతది."

"పోనీ. మనం గూడ పోదాం."

గీత సాగింది. నడుమ ఒకచోట అల కొట్టింది. అంజన్న దాన్ని చాలాసేపు చూశాడు. "తుడ్వాల్నా సారూ?" అన్నాడు. వద్దన్నాను.

మరునాడే మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాను. రక్తంలో సీసం ఉంది, నరం దెబ్బతింది. ఇక రంగు ముట్టొద్దు అన్నాడు డాక్టర్. అంజన్న అడిగింది ఒక్కటే. "గీత లాగుతనా, లేదా?" కొన్ని నెలలు చూడాలి, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టర్. షెడ్డుకు తాళం పడింది. ఆ డబ్బా ఇంట్లో ఉంచొద్దని యాదమ్మకు చెప్పాను.

ఎనిమిది నెలల తర్వాత ఒక మంగళవారం, పాపతో బండి మీద వస్తూ రోడ్డు పక్క హనుమాన్ గుడి ముందు అంజన్నను చూసి ఆగాను. గిన్నెలో సిందూరం నూనెతో కలిపి, ఎడమ అరచేత్తో విగ్రహానికి పూస్తున్నాడు. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. పక్కనే ఆ డబ్బా, ఖాళీగా.

"అన్నా, డాక్టర్ ఏం చెప్పిండు?"

"రంగు ముట్టద్దన్నడు. ముట్టలే సారూ. ఇది రంగు గాదు గదా, సిందూరం." నవ్వాడు. చిగుళ్ల అంచున సీసం పెట్టే నల్లటి చార కనిపించింది. "చెయ్యి రావాలని పదకొండు మంగళారాలు మొక్కుకున్న. ఇయ్యాల ఆఖరుది. యాదమ్మ డబ్బా ఇంట్ల ఉంచద్దన్నది, సామికి తెచ్చిన."

ఆ రోజు డాక్టర్ రంగు అంటే, నేనూ పక్కనే ఉండి రంగు అనే విన్నాను, సిందూరం కూడా ముట్టొద్దని ఆయనకు విడమర్చి చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి డబ్బాలో ఏమీ మిగల్లేదు.

ఎడమచేత్తో కుడి మణికట్టును ఎత్తి పట్టుకుని, ఉంగరం వేలు గిన్నె అంచుకు అద్దుకుని, అంజన్న పాప వైపు వంగాడు. "ఇయ్యాలన్న పెట్టనియ్యి సారూ."

పాపను వెనక్కి జరిపి నా నుదురు ముందుకు పెట్టాను. ఆ వేలిలో బలం లేదు. నుదుటి మీద నిలవక ముక్కు దాకా జారింది.

"వంకర పోయిందా సారూ?" అన్నాడు.

లేదన్నాను.