అడ్డంగా పెట్టిన హ్యాండిల్

బాల్ వాల్వ్ లోపల ఉండేది ఒక స్టీలు గుండు. దాని మధ్యగా ఒక రంధ్రం. రంధ్రం పైపుకు సూటిగా నిలిస్తే నీళ్లు పోతాయి, పక్కకు తిరిగితే ఆగిపోతాయి. గుండు బయటికి కనపడదు కాబట్టి పైన ఉన్న హ్యాండిల్‌ను చూసి తెలుసుకోవాలి. హ్యాండిల్ పైపు వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. పనిలోకి కొత్తగా వచ్చిన ఎవరికైనా మొదట చెప్పేది ఇదే. ఆమెకు చెప్పింది నేనే.

ఆమెది మరిపెడ దగ్గర ఊరు. కూలికి పత్తి ఏరిన మనిషి. భర్తతో వచ్చి మడికొండలో ఒక గది కిరాయికి తీసుకుని, మేం పనిచేసే రంగుల మిల్లులో చేరింది. అక్కడ నూలుకు రంగులు అద్దుతారు. నేను ఫిట్టర్‌ని. మా నాన్న నడిపిన మరమగ్గాలు మూతపడ్డాక మా ఇంట్లో నూలుతో సంబంధం మిగిలింది నాకొక్కడికే. ఆమె నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ని. మొదట్లో ఆమె పని నూలు ఆరబెట్టే షెడ్డులో.

ఆ రోజుల్లోనే వేడినీళ్ల లైను మీది వాల్వు హ్యాండిల్ విరిగింది. కొత్తది తెప్పించమని సూపర్‌వైజర్‌ను అడిగాను. ఆయన ఇనుప పట్టీతో బయట ఒకటి చేయించి పంపాడు. అది పొడవైంది. మూయబోతే పక్కనున్న ఆవిరి పైపుకు తగిలి సగంలో ఆగిపోయేది. నాలుగు వేళ్లంత కోస్తే సరిపోయేదానికి, నేను సెలవులో ఉన్న రోజు ఎవరితోనో ఊడదీయించి, తిప్పి పెట్టించాడు. ఇక దేనికీ తగల్లేదు. కాకపోతే అడ్డంగా ఉంటే తెరిచినట్టు, పైపు వెంట ఉంటే మూసినట్టు అయింది.

"సార్, ఇది ఉల్టా ఉంది. తెల్వనోళ్లు చూస్తే ఆగమైతరు" అన్నాను.

"లైన్ల పనిచేసేటోళ్లందరికీ చెప్పిన. యాద్ పెట్టుకుంటే అయిపాయె. ఇప్పుడు లైన్ బంద్ వెడితే బ్యాచ్ ఖరాబైతది. ఐతారం చూద్దాం తియ్."

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. అడిగిన ప్రతిసారీ ఆయన ఇంకో ఆదివారం చూపించేవాడు. ఈలోగా ఆమెను షెడ్డు నుంచి వేడినీళ్ల లైనుకు మార్చారు. ఉల్టా సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, నేను కూడా.

వాల్వు తర్వాత చెత్తను పట్టే ఒక జాలీ ఉంటుంది. నీళ్లు ఆపి, దాని మూత విప్పి కడగాలి. ఆ పొద్దున ఆమె వాల్వు వైపు చూసింది. హ్యాండిల్ అడ్డంగా ఉంది. నేను నేర్పినట్టే, మూసి ఉందనుకుని మూత విప్పింది.

బాయిలర్ దగ్గర ఉన్న నాకు కేక వినిపించింది. పరుగెత్తుకొచ్చి హ్యాండిల్‌ను పైపు వెంటకు నెట్టాను. నీళ్లు ఆగాయి. ఆమె కుడి చెయ్యి భుజం దాకా కాలింది, తొడ మీద చర్మం చీరకు అంటుకుపోయింది. అంత బాధలోనూ ఆమె హ్యాండిల్ మీదున్న నా చెయ్యి వైపే చూసింది.

"అడ్డంగనే ఉండె గదన్నా... నేను చూసిన... అడ్డంగనే ఉండె."

దవాఖానకు తీసుకెళ్లే దాకా ఆ మాటే అంటూ ఉంది.

మర్నాడు నేను పనికి వెళ్లేసరికి సూపర్‌వైజర్ వాల్వు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"పగటి యాల్లకు ఎంక్వైరీకి సర్కారు ఆఫీసర్ వస్తాండు. ఇది మొత్తం ఇప్పి మంచిగ బిగియ్."

"ఆయన చూసినంక బిగిస్త సార్."

"అప్పటిదాంక లైన్ ఆగదు. ఇంకొకలు కాలితే నీదే జిమ్మేదారి. చేస్తవా, బయటోళ్లను పిలవాల్నా?"

అవతల ఇద్దరు ఆడవాళ్లు అప్పుడే నూలు ఎత్తుతున్నారు. వాళ్లను చూస్తూ పానా అందుకున్నాను.

రెండు వైపులా లైను ఆపి, గుండును సగం తిప్పి, లోపల దాక్కున్న నీళ్లను వదిలాను. బోల్టులు విప్పి గుండు బయటికి తీశాను. దానికి పట్టిన సున్నం తుడిచాను. గుండుకు ఇరువైపులా కూర్చునే తెల్లటి టెఫ్లాన్ రింగులు గీరుకుపోయాయి, కొత్తవి వేశాను. సుత్తి తగిలిస్తే పాడవుతాయి కాబట్టి బొటనవేళ్లతోనే నొక్కాను. గుండును హ్యాండిల్‌తో కలిపే కాడను లోపలి నుంచి పైకి దూర్చి, దాని కొనను గుండు గాడిలో కూర్చోబెట్టాను. బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాను. హ్యాండిల్ కోసి, ఉండాల్సిన తీరులో పెట్టాను. ఒక్క చుక్క కారలేదు. ఆ మిల్లులో నేను చేసిన పనుల్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు.

ఆఫీసర్ వచ్చి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగనే ఉంది గదా?"

"పొద్దుగాల దాంక ఉల్టా ఉండె సార్. నేనే ఇప్పి సరిచేసిన" అన్నాను.

సూపర్‌వైజర్ నవ్వాడు. "ఎప్పుడూ చేసే మెయింటెనెన్సే సార్ అది. ఆమె ఈయనకు చెల్లె లెక్క. గందుకే గట్ల మాట్లాడుతాండు."

"ఉల్టా ఉన్నట్టు ఏమన్న సాక్ష్యం ఉందా?" అని ఆఫీసర్ అడిగాడు.

మా ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు, ఫొటో లేదు. లైనులో పనిచేసేవాళ్ల వైపు చూశాను. రోజూ ఆ హ్యాండిల్‌ను ఉల్టా తిప్పినవాళ్లే అందరూ. ఒక్కరూ తల ఎత్తలేదు. చివరికి ఆమె చూసుకోక మూత విప్పిందని తేల్చారు.

ఆమె దవాఖాన నుంచి వచ్చాక మడికొండ గదికి వెళ్లాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది.

"నాకు ధ్యాస లేకనే గట్లయిందన్నరట గదా?"

"నేను చెప్పిన చెల్లె. ఇనలే."

"వాల్వు బిగించింది నువ్వేనట?"

"ఇంకొకలకు గట్ల కావద్దని..."

ఆమె నా మొహంలోకి చూడకుండా అంది.

"మంచిగనే చేసినవన్నా. ఇగ ఎవల చెయ్యి కాలది. నా మాటే అబద్ధమాయె."

పక్కన కూర్చున్న ఆమె భర్త లేచి వెళ్లి తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను చెప్పులేసుకున్నాను.

ఆ నెలే వాళ్లు గది ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయారు. నేను ఆ వాల్వును తప్పకుండా విప్పి, శుభ్రం చేసి, బిగిస్తూ వస్తున్నాను. బయటివాళ్లు ఎవరైనా మిల్లు చూడ్డానికి వస్తే సూపర్‌వైజర్ వాళ్లను ముందు అక్కడికే తీసుకొస్తాడు. మా దగ్గర మెయింటెనెన్స్ ఎంత బాగుంటుందో చూడండి అంటాడు. నేను నూనె గుడ్డ పట్టుకుని పక్కనే నిలబడతాను.

ఈ మధ్య పని మీద వెళ్తూ మరిపెడలో బస్సు దిగితే, రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర ఆమె కనపడింది. కుడి చేతి వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. ఎడమ చేత్తో గ్లాసులు కడుగుతోంది. నన్ను గుర్తుపట్టి చాయ్ ఇచ్చింది.

"చెయ్యి ఎట్లుంది చెల్లె?"

"పత్తి ఏరుడు చాతగాదు. గిది అయితే నడుస్తాంది." కాసేపటికి తనే అడిగింది. "ఇంక గా మిల్లులనే చేస్తానవా?"

"ఆ. అండ్లనే."

ఆమె తల ఊపి, నా వెనకున్న మనిషికి చాయ్ పోయడానికి తిరిగింది.